పరుపుల అంగడిలో ఫస్ట్ ర్యాంకు

అయ్యా, అమ్మా! మన ఉన్నత విద్య బాగుపడాలంటే ముందు లెక్చరర్లను తీసేయాలని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. లెక్చరరన్నవాడికి జలుబు చేస్తుంది, సెలవు కావాలంటాడు, పైగా జీతం అడుగుతాడు! అదే వీడియో అయితే? తుమ్మదు, దగ్గదు, డీఏ కోసం ధర్నా చేయదు. వెనక బెంచీలో ఎవరైనా కునుకు తీస్తే సుద్దముక్క విసరదు. ఇంతటి మర్యాదస్తుణ్ని మీరు ఏ కాలేజీలో చూశారు?

నమ్మకం కుదరకపోతే తిరుపతి కొర్లగుంటలో పరుపుల అంగడి పెట్టుకున్న హజరత్ వలి సంగతి వినండి.

హజరత్ వలి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ముప్పయ్యేళ్లుగా దబ్బనం చేతబట్టి లాడ్జీలకు పరుపులు కుడుతున్నాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు సబియా బీకాం చివరి సంవత్సరంలో ఉంది. ఆ వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. పట్టా చేతికి రాగానే అంగడిలో ఎక్కడ తగిలించాలో ఆయన అప్పుడే చోటు కూడా చూసి పెట్టుకున్నాడు.

అంతలో కాలేజీకి ఆన్‌లైన్ పూనకం వచ్చింది. స్టాటిస్టిక్స్‌తో కలిపి మూడు కోర్సులు, ఒక్కోదానికి నలభై గంటల వీడియోలు, నెలలోగా పూర్తి చేయాలి. ఒక్కటి తప్పినా పట్టా లేదు. పిల్లలు మోసం చేయకుండా యాప్‌లో కాపలా కూడా పెట్టారండోయ్! పది నిమిషాలకోసారి కెమెరాకు ముఖం చూపించాలి. ఎవరి ముఖమన్నది మాత్రం యాప్ పట్టించుకోదు. కళ్లూ ముక్కూ ఉంటే చాలు.

సబియా వారం రోజులు కళ్లు ఎర్రబడేలా చూసింది. డౌట్ అడిగితే జవాబు రాలేదు. మూడు కోర్సులకు తనకున్నది ఒక్కటే ముఖమాయె! చివరికి స్టాటిస్టిక్స్‌ను నాయనకు అప్పజెప్పింది. “పది నిమిషాలకొకతూరి అట్లా సూడు నాయనా, సాలు” అంది.

తప్పని తెలియక ఒప్పుకున్నాడా ఆయన? తెలిసే ఒప్పుకున్నాడు. కూతురి పట్టా కదా! ఫోనును దూది మూట మీద నిలబెట్టాడు. మొదటి రోజు ముఖం మాత్రమే చూపించాడు. రెండో రోజు చెవి కూడా ఇచ్చాడు. మూడో రోజు కుట్టు ఆపి, సగటు ఉండగా మళ్లీ ఈ మధ్యగతం ఎందుకని సబియా పేరు మీదే యాప్‌లో డౌట్ పెట్టాడు.

ఇక్కడ చూడాలి మీరు ఆన్‌లైన్ మహిమ! డౌట్లు తీర్చే పని మునిచంద్ర సారుది. ఆయన తెలుగు లెక్చరర్. స్టాటిస్టిక్స్‌కు తెలుగు లెక్చరరేమిటని అడక్కండి. వీడియో ఉండగా ఎవరైతేనేం? ఆరు వందల మంది డౌట్లు వచ్చి మీద పడేసరికి ఆయన బెంబేలెత్తి, ఫోను తీసుకెళ్లి వాళ్లమ్మ వసంతమ్మ చేతిలో పెట్టాడు. ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. పదేళ్లుగా ఎదురుగా పిల్లలు లేక, ఇంటికొచ్చిన చుట్టాలకే ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న మనిషి.

ఇంకేం! సబియా పేరుతో తండ్రి అడుగుతాడు, మునిచంద్ర పేరుతో తల్లి జవాబిస్తుంది. కాగితం మీద లెక్క చేసి, ఫొటో తీసి పంపుతుంది. రేపటికి ఈ అయిదూ చేసి పంపు, కొట్టివేతలు ఉండకూడదు అని హుకుం కూడా జారీ చేస్తుంది. ఆయన పరుపుల కొలతల పుస్తకం వెనక పేజీల్లో లెక్కలు చేసి పంపుతాడు. ఒకరోజు ఆలస్యమైతే చీవాట్లు. యాభై రెండేళ్ల వయసులో చదువుకోసం తిట్లు తినడం ఆయనకెంత సంతోషమో! ఇటు విద్యార్థిని లేదు, అటు లెక్చరర్ లేడు, చదువు మాత్రం జోరుగా సాగిపోయింది.

నెలాఖరు పరీక్ష కూడా యాప్‌లోనే, ఆయనే రాశాడు. సబియాకు కాలేజీ ఫస్ట్ ర్యాంకు వచ్చింది.

ర్యాంకు వచ్చాక ఫ్లెక్సీ వేయకుండా ఏ కాలేజీ అయినా ఊరుకుంటుందా? యాప్ దాచుకున్న ముఖం ఫొటోనే నేరుగా ఫ్లెక్సీ అంగడికి పంపేశారు. మర్నాటికల్లా గేటు మీద పన్నెండడుగుల బ్యానరు లేచింది. పైన “మా ఆణిముత్యం కుమారి సబియా”. కింద నెరిసిన గడ్డం నిండా దూదితో, దబ్బనం పళ్ల మధ్య పట్టుకున్న హజరత్ వలి. రెండు రోజులు ప్రిన్సిపాల్‌తో సహా అందరూ దాని కిందుగానే వెళ్లారు. మూడో రోజు ఓ ఆటో ఆయన ఆగి, మా పరుపులాయన ఎప్పుడు బీకాంలో చేరాడని వాచ్‌మన్‌ను అడిగేదాకా ఎవరూ తలెత్తి చూడలేదు.

విచారణ జరిగింది. ర్యాంకు, కోర్సు రెండూ రద్దు చేస్తానని ప్రిన్సిపాల్ తిరుమలయ్య అనేసరికి హజరత్ వలి ముందుకొచ్చాడు. “తప్పు నాది సార్. నేను సేసినదానికి పాప పట్టా ఆపొద్దండి” అని దండం పెట్టాడు. ఇంతకీ నీకు ఏం ఒంటబట్టిందయ్యా, సగటంటే ఏమిటని తిరుమలయ్య వెటకారంగా అడిగాడు.

“లాడ్జీకి వచ్చేవాళ్ల పొడుగులన్నీ కూడి, సగటు తీసి పరుపులు కుట్టినామనుకోండి సార్. పొడుగోళ్లకంతా కాళ్లు బైటనే ఉంటాయి. సగటు తెలుసుకోవాల, దాన్నే నమ్ముకొని కుట్టగూడదు.”

ఇంత బాగా ఎవరు చెప్పారని ఆరా తీస్తే, మునిచంద్ర చెమటలు తుడుచుకుంటూ వాళ్లమ్మ పేరు బయటపెట్టాడు.

తీర్పు వచ్చింది. సబియా పదిహేను రోజులు కాలేజీకి వచ్చి, గదిలో కూర్చుని స్టాటిస్టిక్స్ మళ్లీ చదవాలి. అప్పుడే పట్టా. ఇది శిక్షట! సబియా మాత్రం సంబరపడిపోయింది. “క్లాసులో మనిషి ఉంటాడు నాయనా, అడిగితే సెప్తాడు” అంది.

సోమవారం హజరత్ వలే కూతుర్ని బండి మీద తీసుకొచ్చి, గది కిటికీ దగ్గర నిలబడ్డాడు. అటెండర్ ధర్మేంద్ర వచ్చి, సబియా ముఖం చూసి హాజరు వేసుకుని, గోడమీది టీవీ పెట్టి బయటికొచ్చాడు. అదే వీడియో! సారు యాడ అని హజరత్ వలి అడిగితే, స్టాటిస్టిక్స్ సారు రిటైరై అయిదేళ్లయిందని, ఆ పోస్టు ఖాళీగానే ఉందని చెప్పాడు.

హజరత్ వలికి ఒళ్లు మండింది. నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాడు.

“ఆ వసంతమ్మను పిలిపించండి సార్. బాగా సెప్తాది, తిడతాది గూడా.”

తిరుమలయ్య గారు ఓపికగానే వివరించారు. ఆమెకు పీహెచ్‌డీ లేదు, నెట్ పరీక్ష పాసు కాలేదు, డిగ్రీ కాలేజీలో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు.

హజరత్ వలి క్లాసుగది వైపు చెయ్యి చూపించాడు.

“మరి ఆ గోడమీది టీవీ ఏం సదివినాది సార్?”

తిరుమలయ్య గారు ధర్మేంద్రను పిలిచి, దాని సౌండు కొంచెం పెంచమన్నారు.