నూరింతల నక్షత్రం

ఆ రోజుకి హెర్బర్ట్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పదింటికి గన్‌ఫౌండ్రీలో రాజమల్లు ప్రింటింగ్ షాపుకు వెళ్లి నక్షత్రం కాగితాలు తెచ్చుకోవాలి. చర్చి ఆవరణలో ఉన్న ఆరడుగుల ఇనుప చట్రానికి వాటిని అతికించాలి. సాయంత్రం ఆరింటికి గంట గోపురం మీదికి లాగి దీపం వెలిగించాలి. ముప్ఫై రెండేళ్లుగా ఆ చర్చికి క్రిస్మస్ నక్షత్రం ఆయన చేతిదే. కిందటేడు మాత్రం చూపు మందగించి, నక్షత్రం కాస్త వంకరపోయింది. అందుకని కమిటీ వాళ్లు ఈసారి బేగం బజార్ నుంచి ప్లాస్టిక్ నక్షత్రం తెచ్చి పెట్టెలో సిద్ధంగా ఉంచారు. ఆరింటికి కాగితం నక్షత్రం రాకపోతే అదే పైకెక్కుతుంది.

ఆ అవమానం తప్పించుకోవడానికే ఆయన కోడలు జిప్పోరా దగ్గర కంప్యూటర్‌లో గీయడం నేర్చుకున్నారు. అయిదు రేకుల నిండా సన్నని ద్రాక్షతీగలు, వాటి మీద పిచ్చుకలు గీశారు. తెర మీద ఎంత దగ్గరికి లాగినా గీత చెదరకపోవడం చూసి, "ఇది మనుషులు జేసింది కాదు బిడ్డా" అంటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

రాజమల్లుకు ఒక అలవాటుంది. ఏ ఫైలొచ్చినా ముందు, బొమ్మను కాగితానికి సరిపెట్టే 'ఫిట్ టు పేజ్' మీద టిక్కు కొడతాడు. నాంపల్లి దఫ్తర్లకు దరఖాస్తులు మోసే జనం, కాగితం అంచు నూలుపోగంత తెగినా గొడవకొస్తారు మరి. నక్షత్రానికీ అదే టిక్కు కొట్టాడు. ఆరడుగుల నక్షత్రం దరఖాస్తు కాగితం మీద ఒద్దికగా సర్దుకుని బయటికొచ్చింది.

"గిదేంది రాజమల్లూ? గిది గోపురం మీదికా, కేకు మీదికా?" అన్నారు హెర్బర్ట్ గారు.

"ఫికర్ చెయ్యకున్రి సార్. 'యాక్చువల్ సైజ్' కొడ్త. ఉన్నదున్నట్టు వస్తది."

ఉన్నదున్నట్టే వచ్చింది. ముందు దానికంటే ఇంకా చిన్నగా ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో హెర్బర్ట్ గారికి అప్పుడు తట్టింది. ముప్ఫై అయిదేళ్లు రైల్వేలో వంతెనల పటాలు గీసిన చెయ్యి అది. వంతెన బల్ల మీద పట్టదు కాబట్టి పదడుగులను అడుగు చేసి గీయడమే దానికి తెలుసు. కంప్యూటర్‌లో ఎంత పెద్దదైనా అసలు కొలతకే గీయాలని కోడలు చెబితే ఆయన తలూపారు. చెయ్యి మాత్రం వినలేదు, నక్షత్రాన్ని పదోవంతుకు గీసేసింది.

సిగ్గుపడుతూనే కోడలికి ఫోన్ చేశారు. "నేను సరిచేసి పంపుత మామయ్యా, మీరు జర ఊకె కూసోన్రి" అంది జిప్పోరా అబిడ్స్‌లోని తన ఆఫీసు నుంచి. ఊరికే కూర్చోవడం ఆయన వల్లయ్యే పని కాదు. "ఆమె దాంక ఎందుకు, నువ్వే పదింతలు పెంచు" అన్నారు రాజమల్లుతో. రాజమల్లు స్కేల్ గడిలో వెయ్యి శాతం కొట్టాడు. అంతలో కోడలు కూడా బొమ్మను పదింతలు చేసి పంపేసింది. "కొత్త ఫైలొచ్చింది సార్" అంటూ రాజమల్లు దాన్ని తెరిచి, గడిలోని వెయ్యిని కదపకుండా, మూడడుగుల వెడల్పు పెద్ద మిషన్‌కు పంపాడు.

మిషన్ గురగురమంది. మొదట ఒక ఆకుపచ్చని వంపు వచ్చింది. చూస్తుండగానే అది తలుపంత ఆకైంది. దాని వెనకే పళ్లెమంత నల్లటి చుక్క వచ్చింది.

"సార్! గిది పిచ్చుక కన్ను సార్!" అన్నాడు రాజమల్లు, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా.

కాగితం బల్ల దాటింది, గడప దాటింది, మెట్లు దిగి ఫుట్‌పాత్ మీదికి పాకింది. చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తను గీసిన గోరంత ఆకు తలుపంతై కదిలొస్తుంటే హెర్బర్ట్ గారు ఆపమనడమే మరిచిపోయారు. నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

గంటల తరబడి నడిచిన మిషన్‌ను చివరికి ఆపింది కాగితం రోలే. "అయిపాయె సార్. ఇంకోటి రేపే వస్తది" అన్నాడు రాజమల్లు. అప్పటికి నాలుగైంది.

ఆఫీసు నుంచి పరుగున వచ్చిన జిప్పోరా కాగితాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "నేను పదింతలు చేసిన. మీరు దానికి పదింతలు చేసిన్రు. పూర్తిగ వస్తే అరవై అడుగుల నక్షత్రం మామయ్యా. గోపురమే దాని మీదికెక్కాలె!"

హెర్బర్ట్ గారికి నవ్వు రాలేదు. ప్లాస్టిక్ పెట్టె కళ్లముందు మెదిలింది. ముప్ఫై రెండేళ్ల పేరు ఈ సాయంత్రంతో సరి అనుకున్నారు. వంగి కాగితం అంచును వేలితో తడిమి, ఉన్నట్టుండి అన్నారు: "చుట్టున్రి. చర్చికి మోస్కపోదాం."

ఆవరణలో కాగితం పరిచి, ఇనుప చట్రాన్నే ఎత్తి, ఒక్కో రేకూ దాని మీద పడేలా పెట్టించారు. మోకాళ్ల మీద కూర్చుని, ఇనుప అంచును ఒక చేతి వేలితో తడుముతూ రెండో చేత్తో పెన్సిల్ నడిపారు. కళ్లతో పనే పడలేదు. రేకు తర్వాత రేకు రాజమల్లు కత్తిరించాడు, జిప్పోరా జిగురు రాసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆరింటికి నక్షత్రం పైకి లేచి వెలిగింది. ఒక రేకు నిండా ఒకే ఒక ఆకు, ఇంకో రేకులో విప్పిన రెక్క, పైరేకులో ఆ కన్ను. కింద జనమంతా తలలెత్తి చూశారు. రోడ్డు మీద ఆటోలు కూడా నెమ్మదించాయి. తన చేతి గీత అంత ఎత్తున వెలగడం చూసి హెర్బర్ట్ గారు మళ్లీ టోపీ తీశారు.

కమిటీ సెక్రటరీ ఇవాన్ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం గీసినవన్నా! రోడ్డు దాంక కనవడ్తుంది. నిజం చెప్పాల్నా? ముప్ఫై రెండేండ్లు నువ్వు సన్నగ ఏమేమో గీస్తుంటివి గని, కిందికెల్లి మాకు ఒక్కనాడు ఏం కనవడలే."

హెర్బర్ట్ గారు టోపీ నెత్తిన పెట్టుకుని, పైరేకులోని ఆ కన్నును ఇంకోసారి చూశారు.

ఇంటికి వెళ్లగానే జిప్పోరా బొమ్మను నూరింతలు చేసి, ఆ ఫైలుకు 'తప్పు' అని పేరు పెట్టి, ఎవరూ సరిచేయకుండా రెండుచోట్ల దాచింది.