పూత తీగల పుణ్యమా అని

గిటార్ కొన్నవాడు పాట వాయించకుండా ఉండటమే ఇంటికీ వీధికీ క్షేమం! ఈ మాట నా గల్లాపెట్టె మీద చెయ్యేసి చెప్పగలను. ఇరవై రెండేళ్లుగా గిటార్లూ తీగలూ అమ్ముతున్నవాణ్ణి, కాస్త నమ్మండి.

ఒకప్పుడు తీగలకి పూత ఉండేది కాదు. చేతి చెమటకి మూడు వారాల్లో తుప్పు పట్టి, శబ్దం మొద్దుబారేది. కొన్నవాడు మళ్లీ నా గుమ్మం తొక్కక తప్పేది కాదు. అలాంటిది, పల్చటి పూత పూసిన తీగలొచ్చాయి. ఆరు నెలలైనా చెక్కుచెదరవట! నా కొంప మునిగిందనుకున్నాను.

మునగలేదు. ఎందుకంటారా? ఆరు నెలలు బతికే తీగని జనం మూడో రోజునే విప్పేస్తున్నారు!

ఏం, పాడైపోయిందా? అబ్బే, నిక్షేపంగా ఉంది. మరి పక్క కంపెనీ తీగ టోన్ ఎలా ఉంటుందో పోల్చి చూడొద్దూ? ఒకటి ‘బ్రైట్’గా ఉంటుందట, ఇంకోటి ‘వార్మ్’గా. మూడోదానికి పూత మరీ మందమై, దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టు ఉంటుందట.

ఈ పోలికల వల్ల లోకానికి ఎంత మేలు! మా కొట్టుకొచ్చే పళ్ల డాక్టరు తీగ ముట్టుకునే ముందు ఆపరేషన్‌కి వెళ్తున్నట్టు మోచేతుల దాకా కడుక్కుంటాడు. చెమట తగిలితే పరీక్ష చెడుతుందని! ఒక ఆడిటరు గారు పద్నాలుగు రకాల తీగలకి ఎక్సెల్‌లో మార్కులు వేశారు. అన్నిటి మీదా మీటింది ఒకే ఒక్క స్వరాల గుత్తి, జి కార్డ్. రెండోది రాదు కదా మరి! ఆయన విప్పి పారేసిన తీగలతో పక్కింటావిడ చిక్కుడు పాదుకి పందిరి అల్లింది. ఫాస్ఫర్ బ్రాంజ్ కంచు పందిరి మహారాజులకైనా ఉండేదా?

అందరిలోకీ నాకు ప్రీతిపాత్రుడు మందుల షాపాయన. తీగల టోన్ పోల్చడానికి రికార్డింగ్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపుతాడు, ఫ్రిజ్ ఆపుతాడు, భార్యని ఊపిరి కూడా మెల్లిగా పీల్చమంటాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల పోట్లాటలు సగానికి సగం తగ్గాయి. సంగీతం మహిమ కాకపోతే ఏమిటి చెప్పండి!

మొన్న వేసవిలో ఆయన తల్లి మా కొట్టుకి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి.

“బాబూ, తుప్పు పట్టకుండా తీగలకి ఏదో పూస్తారటగా?”

“అవునమ్మా.”

“మావాడి వేళ్లకి కూడా కాస్త పుయ్యవూ?”

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు.

“నా చెవులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి నాయనా. ఈ ఏడాది దాటితే అసలు వినపడకపోవచ్చన్నాడు డాక్టరు. వాడి చిన్నప్పుడు నేను పాడిన జోలపాట ఒక్కసారి వాడు గిటార్ మీద వాయిస్తే వినాలని ఉంది. అడిగితే, ‘ఉండమ్మా, ఇంకో తీగల సెట్ వస్తోంది’ అంటాడు.”

ఆ ఇంకో సెట్ తెప్పిస్తున్నది నేనే. “వస్తుందమ్మా, మంచి సెట్” అన్నాను.

పోయిన వారం ఆయన పరుగున వచ్చాడు. “అన్నా, అన్నిటికంటే గట్టిగా మోగే తీగలేవి? అమ్మకి పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడట్లేదు. ఇంక ఆలస్యం చెయ్యకూడదు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా ఒక ప్యాకెట్ తీశాను. “ఇవి బిగించి ఇవాళే వాయించెయ్యండి సార్!”

“ఒకటేనా? మూడు రకాలివ్వు. పోల్చి చూసి, వచ్చే నెలకల్లా తేల్చేస్తాను.”

ప్యాకెట్ తిరిగి కొక్కేనికి తగిలించాను. “స్టాక్ లేదు” అన్నాను. సరుకు ఎదురుగా పెట్టుకుని లేదనడం నా వ్యాపారంలో అదే మొదలు.

“లేకపోవడమేంటన్నా? గోడ నిండా వేలాడుతున్నవేంటి మరి?”

“ఇంటికెళ్లి ఉన్నవాటితో వాయించండి.”

“వాటి టోన్ సంగతే ఇంకా తేలలేదు!” అని విసుక్కుంటూ ఎదురు కొట్టుకి వెళ్లిపోయాడు.

బేరం ఆ కొట్టువాడికి దక్కింది. ఆవిడకేం దక్కిందో మీరే కనుక్కోండి!