నాచు నివారణ శాఖకు అదనపు మేత

ఇరవై నాలుగు మేత గుళికలు. ఒక పెద్ద అడవిలో అయితే ఇది ఏ మూలకూ రాదు. కానీ ఇది ఒకరి ఇంటి హాల్లో, నాలుగడుగుల గాజుతొట్టిలో, ఉప్పునీటిలో జరిగిన కథ. అక్కడ ఖాళీ గవ్వల్లో కాపురముండే కుర్ర సన్యాసిపీత గవ్వరాజుకు అదే మొత్తం పెట్టుబడి.

పెట్టుబడి ఎందుకంటే, తొట్టి మధ్యలో కొమ్మలేసుకుని ఉన్న పగడం, పగడత్త కోసం. పాత గవ్వ విడిచి కొత్త గవ్వలో దూరేలోపు, ఒంటి మీద పెంకు లేని ఆ కాసేపు, అతణ్ణి తన కొమ్మల్లో దాచింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ ఒంటి మీదా చుట్టుపక్కలా నాచు పట్టింది.

"దుప్పటి కప్పినట్టుందిరా. వెలుగు తగిలి మూడు రోజులైంది. ఇంకో వారం ఇలాగే ఉంటే నన్ను మర్చిపో."

గవ్వరాజు నాచు మచ్చలు లెక్కపెట్టాడు. సరిగ్గా ఇరవై నాలుగు! నేరుగా నత్తలు నడిపే నాచు నివారణ శాఖకు వెళ్ళాడు. అక్కడ పెద్ద గుమాస్తా నెమ్మదయ్య అనే నత్త.

"మచ్చకో గుళిక, బాబాయ్."

"ముందు ఇస్తావా?"

"ముందే."

సాయంత్రానికి తొట్టి మెరిసిపోయింది. నాలుగో రోజు చూస్తే మచ్చలు ముప్పై ఆరు.

గవ్వరాజు శాఖ ఉన్న రాయి వెనక్కి వెళ్ళి చూశాడు. పద్దెనిమిది గుళికలు పొంగి, కుళ్ళి, నీళ్ళలో కరుగుతున్నాయి.

"తినలేదేం, బాబాయ్?"

"ఆరు గుళికలకే పొట్ట నిండింది. మిగతావి రిటైరయ్యాక పనికొస్తాయని దాచామయ్యా."

"మరి నాచు తినొచ్చుగా? మీ తాతలు తిన్నదదేగా!"

"గుళికలుండగా నాచు తినేవాడెవడయ్యా?"

కుళ్ళిన మేతే నాచుకు ఎరువు. పద్దెనిమిది కుళ్ళితే ముప్పై ఆరు. గుళికకు రెండు మచ్చలు. గవ్వరాజు ఆ లెక్క పట్టుకుని తొట్టిలోని చేపల సభకు పరుగెత్తాడు. నారింజ చారల చేప నారింజరావు అధ్యక్షుడు. ఆయన అంతా విని తోక ఊపాడు.

"భేషైన లెక్క! మచ్చలు ముప్పై ఆరు, ఇచ్చింది ఇరవై నాలుగు. అంటే పన్నెండు తక్కువైంది. శాఖకు మేత రెట్టింపు చేద్దాం."

"అది కాదండీ, మేత వల్లే..."

"కుర్రాడివి, తొందరెక్కువ. నిన్ను సహాయ సంచాలకుడిగా వేస్తున్నాం. రోజుకు పది గుళికలు. కూర్చో."

అందరూ రెక్కలు కొట్టారు.

మర్నాడు ఇంటాయన హాల్లోకి రాగానే నారింజరావు అద్దం దగ్గరికి చేరి, పుట్టాక మెతుకు ఎరగనట్టు నోరు తెరిచి మూస్తూ గిలగిల్లాడాడు. ఇంటాయన మనసు కరిగింది. మేత డబ్బా రెండుసార్లు దులిపాడు. ఆ తర్వాత రోజూ అదే తంతు.

మూడు రోజుల్లో మచ్చలు తొంభై. అధ్యక్షుడి కుర్చీ మీదే నాలుగు. ఆయన జారిపడి, లేచి, "దీని మీద ఇంకో శాఖ వెయ్యాలి, ఇంకాస్త మేతతో" అన్నాడు.

పగడత్త కొమ్మలు ముడుచుకుంది. పిలిస్తే పలకలేదు.

గవ్వరాజు మళ్ళీ లెక్క వేశాడు. అధ్యక్షుడు గిలగిల్లాడకపోతే డబ్బా తెరుచుకోదు. డబ్బా తెరుచుకోకపోతే నత్తలకు ఆకలేస్తుంది. ఆకలేస్తే నాచు తింటాయి. అత్తకు మిగిలింది ఒక్క రోజు.

హాల్లో అడుగుల చప్పుడు. నారింజరావు అద్దం వైపు కదిలాడు. గవ్వరాజు తన పది గుళికల పదవిని ఇసుకలో వదిలేసి, రాయెక్కి, పెద్ద కొండి బాగా తెరిచి, అద్దం చేరేలోపే పట్టేయాలని ఆ తోకకు గురి చూశాడు.

నీతి: ఉద్యోగం కలకాలం నిలవాలంటే, నిర్మూలించాల్సినదానికి ముందు కడుపునిండా పెట్టాలి, తోక మాత్రం జాగ్రత్త.