అరవై ఒకటో చెట్టు

గంగులప్ప కౌలుకు చేస్తున్న తోటలోని అరవై బత్తాయి చెట్లు సోమవారం పొద్దున్నే నడిచివచ్చి మండల వ్యవసాయ కార్యాలయం ముందు వరుసలో నిలబడ్డాయి. వాటి వెనకే గంగులప్ప కూడా నిలబడ్డాడు. ఎవరూ వింతగా చూడలేదు. వేళ్ళకున్న మట్టి దులుపుకొని రమ్మని మాత్రం బంట్రోతు కసిరాడు.

రాక ఏం చేస్తాయి మరి? మట్టిలో రాగి తక్కువై లేత కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయి, బెరడు పగిలి జిగురు కారుతోంది. మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపి కొడితే తేరుకుంటాయని గంగులప్పకు తెలుసు. పోయినవారం వచ్చి అడిగాడు కూడా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనిది ఆఫీసు. రికార్డులో పట్టాదారు పేరుంది, చెట్ల సంఖ్య ఉంది, కౌలుదారు మాత్రం లేడు. లేని మనిషికి మందెలా ఇస్తారు? మూడేళ్ళ చాకిరీ కళ్ళముందే ఎండిపోతుంటే పాపం ఆయనకు అన్నం సయించలేదు. తోటలో కూర్చుని ఏడ్చాడు. చెట్లు విన్నాయి.

వ్యవసాయాధికారి సుభాషిణి మంచి మనిషే. ఒక్కొక్క చెట్టునూ పిలిచి, వేలిముద్రకు బదులు ఆకుముద్ర వేయించుకుంది. నాలుగో చెట్టు ఎండుటాకు ఇవ్వబోతే చెల్లదని, పచ్చిది తెమ్మని చెప్పింది. అన్నీ అయ్యాక తలెత్తింది.

“అరవయ్యే కదా, వరుసలో అరవై ఒకటున్నాయేం?”

“నేను చెట్టును కాదు మేడమ్, మనిషిని.”

“మనిషివైతే రికార్డులో ఎక్కడున్నావయ్యా? చెట్టువైతే ఇప్పుడే ఎక్కిస్తాను.”

గంగులప్ప బిక్కమొహం వేశాడు. ముందున్న పెద్ద చెట్టు వెనక్కి తిరిగింది.

“రాయించుకోబ్బా. మళ్ళా ఇంత దూరం నడ్సలేము.”

అదే ఒక పచ్చి ఆకు తుంచి ఆయన చేతిలో పెట్టింది. ముద్ర పడింది. రిజిస్టరులో ఆయన ముద్ర పక్కన ‘కాపు ఇంకా లేదు’ అని రాశారు. పుట్టాక మొదటిసారి సర్కారు కాగితంలోకి ఎక్కాడేమో, అమ్మయ్య అనుకుంటూ గంగులప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

బుధవారం మందు కొట్టేవాళ్ళు తోటకొచ్చారు. గంగులప్ప చొక్కా విప్పి, చేతులు చాచి వరుస చివర నిలబడ్డాడు. నీలం నీళ్ళు చల్లగా ఒంటిమీద జారాయి. నెల తిరిగేసరికి తోటంతా కొత్త చిగుళ్ళు. ఆయనకూ ఆకలి పుట్టింది.

పంటల లెక్క రాసే ఉద్యోగి ఒకరోజు గట్టుమీద నిలబడి కేకేశాడు.

“తోటలో మనుషులెవరైనా ఉన్నారా?”

“ఎవ్వరూ లేరు సారూ,” అన్నాడు గంగులప్ప నిశ్చింతగా. “అరవై ఒక్క చెట్లం. అందరం బాగుండాము.”