ప్రేమవిందులో ప్రథమ చికిత్స

ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు ముందు, యేసుబాబు ప్రథమ చికిత్స చేసి చూపించాలి. అదీ ఆ రోజు అనుకున్న పని. ఎల్లారెడ్డి దగ్గరి ఆ చిన్న మందిరం తరఫున కామారెడ్డి వెళ్లి శిక్షణ తీసుకున్నది అతనొక్కడే. బాగా చూపిస్తే మందుల పెట్టె తాళంచెవి అతనికే ఇస్తానని పాస్టరు మాటిచ్చాడు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకుంటాడని సంఘమంతా తనను చూసి నవ్వుతుందని యేసుబాబుకు తెలుసు. ఆ నవ్వును ఒక్క పూటలో మాన్పించాలని అతని ఆశ.

వారం నుంచి భార్య గ్లోరీ మీద సాధన చేస్తున్నాడు. గొంతులో ముద్ద ఇరుక్కున్న మనిషిని ముందుకు వంచి, రెండు భుజపు రెక్కల మధ్య ఎలా కొట్టాలో ఆమె వీపు మీదే నేర్చుకున్నాడు. ఆమెకు అర్థం కావాలని ముందు తానే గొంతు పట్టుకుని నటించేవాడు, నటిస్తూనే పాఠం చెప్పేవాడు.

"నా ఈపు డప్పు చేసినవు గదనయ్యా!"

"ఉత్తగనే కొడ్తున్ననే. జర బొమ్మ లెక్క ఉండు. బొమ్మ మాట్లాడదు."

"బొమ్మకు వంట పని గూడ ఉండదు."

ఆదివారం వచ్చింది, మందిరంలో మోకాళ్ల ప్రార్థన మొదలైంది. ముందు వరుసలో పోచవ్వ మెల్లగా చాప మీదికి ఒరిగి, కళ్లు మూసుకుని ఉండిపోయింది. కీళ్ల నొప్పులవల్ల ఏ ఆదివారమైనా ఆమె అంతే. యేసుబాబు ఇన్నేళ్లూ కళ్లు మూసుకునే ప్రార్థించాడు. ఆ రోజే తెరిచాడు.

"అవ్వా! ఓ పోచవ్వా! ఇనబడ్తుందా?"

ఆమె పలకలేదు. దేవునితో మాట్లాడుతూ మధ్యలో మనుషులకు జవాబిచ్చే అలవాటు ఆమెకు లేదు.

"ఊపిరైతే ఉన్నది. ఎవ్వలు దగ్గరికి రాకుండ్రి!" అంటూ ఆమెను పక్కకు పొర్లించాడు. పోచవ్వ ఒళ్లు జలదరించింది. వెనక నుంచి సాయిలు అరిచాడు.

"ఫిట్స్ అచ్చినయ్! చేతుల తాళాలు పెట్టుండ్రి!"

"పెట్టొద్దు! ఏం పెట్టొద్దు!" అన్నాడు యేసుబాబు.

ఎస్తేర్ 108కి ఫోను చేసింది. కంగారుపడ్డ పాస్టరు పోచవ్వ కోసం గొంతెత్తి ప్రార్థించాడు. అంబులెన్సు వచ్చి గేటు ముందు ఆగేసరికి ఆయన "ఆమేన్" దగ్గరికి వచ్చాడు.

ఆమేన్ వినగానే పోచవ్వ లేచి కూర్చుంది. సగం మంది "స్తోత్రం!" అని చేతులెత్తారు.

"స్తోత్రం సంగతి తర్వాత. నన్ను బస్తా లెక్క పొర్లించిందెవ్వడు?" అంది పోచవ్వ.

అంబులెన్సు ఖాళీగా తిరిగిపోయింది. నవ్వు మాత్రం మందిరంలోనే ఉండిపోయింది.

"ముందుగాల తిందాం బ్రదర్. ఆ చూపెట్టుడు తిన్నంక చూద్దాం," అన్నాడు పాస్టరు.

యేసుబాబు తల వంచుకుని తిన్నాడు. సిగ్గు అతన్ని నమలనివ్వలేదు. మటన్ ముక్క గొంతులో అడ్డం పడింది. రెండు చేతులతో మెడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"షురూ చేసిండు!" అన్నాడు సాయిలు, బాగా కనబడేలా జరిగి కూర్చుంటూ. "అరె, కండ్లు గూడ ఎర్రగ చేసిండు! మస్తు చేస్తుండు!"

యేసుబాబు కాదన్నట్టు తల ఊపాడు. చప్పట్లు పెరిగాయి.

అన్నం వడ్డిస్తున్న గ్లోరీ తలెత్తింది. ఈ నటన ఆమె వారమంతా చూసింది. ప్రతిసారీ ముందు "ఉత్తగనే" అనేవాడు, తర్వాత ఆగకుండా మాట్లాడేవాడు.

"ఓ అయ్యో, మాట్లాడుతలేడు! నిజంగనే ఇరికింది!"

గరిటె వదిలేసి పరుగెత్తింది. అతన్ని ముందుకు వంచి రెక్కల మధ్య కొట్టింది. మళ్లీ కొట్టింది. నాలుగో దెబ్బలో వారం రోజుల కోపం కూడా కొంత కలిసింది. ముక్క ఎగిరి పోచవ్వ పళ్లెం పక్కన పడింది.

యేసుబాబు ఊపిరి పీల్చుకుని, "ఉత్తగ కాదే," అన్నాడు.

"నాకెర్కే," అంది గ్లోరీ. అతను ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పాస్టరు తాళంచెవి తెచ్చి గ్లోరీకిచ్చాడు. "వచ్చే ఆదివారం నువ్వే అందరికి నేర్పియ్యాలె, చెల్లే."

"నేర్పిస్త అయ్యగారూ. బొమ్మ మా ఇంట్లనే ఉన్నది."

ఆ వారమంతా సాధన సాగింది. మధ్యలో మాట్లాడినందుకు బొమ్మ రెండుసార్లు తిట్లు తిన్నది.