బామ్మలకు సోకని జబ్బు

పాఠక మహాశయులారా! అరవై దాటినవాళ్లకి ఎయిడ్స్ రాదు. ఇది నా సొంత పరిశోధన అనుకునేరు. మెక్సికోలో, మా వెరాక్రూజ్ రేవులో, మా పేట క్లినిక్కు గోడలే సాక్ష్యం. కుర్రకారు కూర్చునేచోట కండోమ్ బొమ్మ అంటించారు. మేం కూర్చునేచోట “బాత్‌రూములో జారిపడకండి” అని అంటించారు. ఈ వయసులో మనిషి ఇంకెక్కడా కాలు జారడని వాళ్ల గట్టి నమ్మకం!

ఇంతటి రక్షణ మాకు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? ఒక్క మాటలోంచి. అబ్వెలీతా! అంటే చిట్టి బామ్మ. తల నెరిసిన ఏ ఆడమనిషినైనా ఇక్కడ డాక్టరు, నర్సు, బస్సు డ్రైవరు, అందరూ అలాగే పిలుస్తారు. ఆ పిలుపు చెవిన పడిందంటే చాలు, మనిషికి నడుం కింద మోకాళ్ల నొప్పులు తప్ప మరేమీ మిగలవు. ఇంతకన్నా చౌకైన టీకా ఎక్కడైనా ఉందా?

మా ఎర్మెలిందా గారినే తీసుకోండి. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు, కాబట్టి మనవలూ లేరు. అయినా ఊరందరికీ బామ్మే. శనివారం సాయంత్రాలు నడిఊరి చౌకులో, బ్యాండు ముందు మా ముసలి బృందం దన్సోన్ అనే జంట నాట్యం ఆడుతుంది. ఆవిడ జోడీ దోన్ కాస్తులో అనే ఆయన, రేవులో ఓడలకు దారిచూపే పని చేసి రిటైరైన పెద్దమనిషి. డాన్సు అయ్యాక ఆవిణ్ణి ఇంటిదాకా దిగబెడతాడు. తెల్లారాక తన ఇంటికి పోతాడు. ఈ సంగతి చౌకులో బెంచీలక్కూడా తెలుసు. క్లినిక్కులో మాత్రం తెలియదు.

ఆయనా జాగ్రత్తపరుడే. ఓసారి మందులషాపుకి వెళ్లి గొంతు తగ్గించి కండోమ్ అడిగితే, కౌంటర్లో అమ్మాయి “మనవడికా తాతా?” అని నలుగురూ వినేలా అడిగిందట. దగ్గుబిళ్లలు కొనుక్కుని వచ్చేశాడు. అయితే ఏమైంది? గర్భం భయం ఎలాగూ లేదు కదా!

తర్వాత ఎర్మెలిందా చిక్కిపోసాగింది. మా డాక్టర్ ఉలీసెస్ శ్రద్ధకు వంక పెట్టలేం. నీరసానికి ఐరన్ టానిక్ రాశాడు. జ్వరమొస్తే ఉత్తరపు గాలి పడలేదన్నాడు. బరువు తగ్గితే నులిపురుగుల మందు ఇచ్చాడు. నోట్లో తెల్లపూత పూస్తే పళ్లసెట్టు మార్పించాడు. ఉప్పు ఎంత తింటున్నారు, విరేచనం సాఫీగా అవుతోందా, చర్చికి వెళ్లడం మానలేదు కదా, అన్నీ అడిగాడు. పక్కలో ఎవరున్నారని మాత్రం... ఛీ ఛీ, బామ్మనా అడిగేది!

దన్సోన్‌లో పల్లవి వచ్చినప్పుడు అందరం ఆగిపోతాం. ఆడవాళ్లు విసనకర్ర విప్పి విసురుకుంటారు, ఆట మళ్లీ ఎత్తుకోగానే ముడుస్తారు. ఆ శనివారం ఆట ఎత్తుకున్నారు, ఆవిడ విసనకర్ర ముడవలేదు. ఊపిరందక అలాగే నిలబడిపోయింది.

న్యుమోనియా అని పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. అక్కడెవరో బామ్మ అని కూడా చూడకుండా అన్ని పరీక్షలకూ రక్తం తీశారు. ఎయిడ్స్ అని తేలింది. ముందే కనిపెట్టి ఉంటే రోజూ మాత్ర వేసుకుంటూ డాన్సు చేసుకునేదట. ఇప్పుడూ మందులకు కోలుకుంటోంది గానీ, వీధి మలుపుదాకా నడిస్తే ఆయాసం. నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న ఆవిడకి తోడుగా క్లినిక్కుకి నేనే వెళ్లాను. డాక్టర్ ఉలీసెస్ మంచివాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“మా సొంత బామ్మను అడిగినట్టుంటుందని అడగలేదండీ. మర్యాద కాదనుకున్నాను” అన్నాడు.

ఎర్మెలిందా చేతిసంచీ ఒళ్లో సర్దుకుంది.

“మర్యాదకేం గానీ, ఇప్పుడు అడుగు నాయనా. నా పక్కలో ఎవరున్నారో అడుగు. ఆయనకి కూడా టెస్టు చెయ్యాలి కదా.”

డాక్టరు నోరు తెరిచాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. చివరికి బీపీ మిషను దగ్గరికి లాక్కుని, “చెయ్యి ఇలా ఇవ్వండి బామ్మా” అన్నాడు.