ప్రత్యక్ష సాక్షికి శాలువా

1999 వేసవిలో సరిహద్దు కొండల్లో మొదలైన యుద్ధం ముగియగానే, బెంగళూరు పీణ్య కార్ఖానాల తెలుగు సంఘం వారు దాన్ని ఘనంగా సత్కరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. యుద్ధం బెంగళూరు రాలేదు కాబట్టి, దాన్ని కళ్లారా చూసొచ్చిన విలేఖరి భుజంగరావుకు ఆ శాలువా కప్పడమైనది.

భుజంగరావు పది రోజులు బంకర్లలో గడిపి, ఇరవై పేజీలు రాసి పంపాడు. చోటు చాలక పత్రికవారు ఆయన ఇనుప టోపీ పెట్టుకున్న ఫొటో మాత్రం నాలుగు కాలమ్‌లలో వేశారు. మిగిలినది సభలోనైనా చెప్పుకుందామని ఆయన కాగితాలు జేబులో పెట్టుకొచ్చాడు. ముఖ్యంగా కిరణ్ సంగతి. పీణ్యలో లేతు మెషీను నడిపి సైన్యంలో చేరినవాడు. గుండ్ల వానలో కూడు మోసేవాళ్లు పైకెక్కలేకపోవడంతో, రెండు రోజుల పస్తుతో పోరాడి, భుజంగరావు చేతుల్లోనే పోయాడు. ఈ మాట పదిమందికీ చెప్పేదాకా భుజంగరావుకు కుదురు లేదు.

సభ క్రమశిక్షణతో సాగింది. కిరణ్ తల్లి నాగలక్ష్మిని 'వీరమాత' హోదాలో పిలిచి, మొదటి ఐదు వరుసలూ దాతలకే సరిపోయినందున ఆరో వరుసలో కూర్చోబెట్టారు. అధ్యక్షులు వెంకటగిరియప్ప ముప్పావుగంట గర్జించారు: "శత్రువు మన పీణ్య జోలికొస్తే వదిలేది లేదు!" శత్రువుకు పీణ్య బస్సు నంబరు తెలియకపోవడం వాడి అదృష్టం. తర్వాత ఇద్దరు మాజీ అధ్యక్షులు తమ హయాంలో అసలు యుద్ధమే రాలేదని సవినయంగా గుర్తుచేశారు. భుజంగరావు నెత్తిన మైసూరు పేటా, మెడలో గంధపు దండ, ఒళ్లో పళ్లబుట్ట చేరాయి. ఆయన మాట్లాడే వంతు వచ్చేసరికి, బిసిబేళెబాత్ చల్లారిపోతోందని కబురొచ్చింది. సభ భోజనాలకు లేచింది.

నాగలక్ష్మి మాత్రం వేదిక దగ్గరికొచ్చింది.

"మావాణ్ణి చూస్తివంట కదప్పా. పొయ్యేముందర కడుపుకేమన్నా తినిండెనా? వాడు ఆకలికి తాళడు."

భుజంగరావు జేబు తడుముకున్నాడు. ఆమె ముఖం చూసి, కాగితాలు తీయకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తిన్నాడమ్మా. వేడి అన్నం, చారు. మారు కూడా వడ్డించుకున్నాడు."

పక్కనే ఉన్న వెంకటగిరియప్ప మైకు అందుకున్నారు. "విన్నారా అప్పా! యుద్ధంలో మనవాళ్లకు ఏ లోటూ లేదంట! కళ్లారా చూసినాయనే చెప్తా ఉండాడు!"

విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా తృప్తిగా చప్పట్లు కొట్టారు. భుజంగరావు తెచ్చిన యుద్ధవార్తల్లో ఒక్క ముక్కా కోత పడకుండా జనానికి చేరింది అదొక్కటే. నాగలక్ష్మి కళ్లు తుడుచుకుని, తానూ చప్పట్లు కొట్టింది.